కవరు తీయని బ్రీదర్ ఫిల్టరు

మా ఇంట్లో టీవీ రిమోటు కొన్నప్పటినుంచీ కవరులోనే ఉంది. టీవీ చెడిపోయి, దాన్ని పాత సామాన్లవాడికి వేసేశాక కూడా రిమోటు మాత్రం కొత్తదిలాగే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు కాస్త గర్వంగా ఉంటుంది. సోఫాకు పాలిథిన్, మిక్సీకి పాలిథిన్, గోడగడియారానికి పాలిథిన్. మా ఆవిడ వరహాలు పెళ్ళయిన కొత్తలో ఇల్లంతా ఒకసారి కలయజూసి, "నన్ను మాత్రం బయటికి తీశారు, సంతోషం" అంది. అది మెచ్చుకోలు అనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇలాంటి మనిషిని ఏ శాఖలో వెయ్యాలో ప్రభుత్వంవారు బాగా ఆలోచించే వేశారు. ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ శాఖ. నా పేరు చిక్కాల పట్టాభి, హోదా సహాయ సంచాలకుడు. పని చేసేది రాయలసీమలో ఒక జిల్లా కేంద్రంలో. ఊరి పేరు చెప్పను. జరిగినదాంట్లో ఊరివాళ్ళ తప్పేమీ లేదు.

నాకున్న బాధల్లా ఒక్కటే. వరహాలు పిఠాపురంలో టీచరు, నేనిక్కడ. మధ్యలో ఒక రైలు, ఆ రైలు దిగితే ఒక బస్సు, ఆ బస్సు అందకపోతే ఇంకో బస్సు. అక్కడ ఇల్లు ఉంది, ఇక్కడ మెస్సు ఉంది. ఆ మెస్సులో సాంబారు గురించి మాట్లాడితే నాకు కళ్ళనీళ్ళొస్తాయి, కారంవల్ల కాదు. ప్రతి ఏడూ బదిలీకి దరఖాస్తు పెట్టుకునేవాణ్ణి. ప్రతి ఏడూ 'పరిశీలనలో ఉన్నది' అని జవాబొచ్చేది. అది చదివి చదివి, నిజంగానే ఎవరో ఒకాయన ఎక్కడో కూర్చుని పరిశీలిస్తున్నాడని నమ్మకం కుదిరిపోయింది.

అలా ఉండగా, పైవాళ్ళ కంట్లో పడితేగాని పని జరగదని నాకొక దుర్బుద్ధి పుట్టింది. ఒక సర్క్యులర్ రాశాను. నాకు ఆఫీసు భాష బాగా వచ్చు. అదే నా కొంప ముంచింది.

'కార్యాలయమునకు నూతనముగా సమకూర్చుకొనిన ప్రతి వస్తువును, తనిఖీ బృందమువారు స్వయముగా విచ్చేసి దాని నూతనత్వమును ధ్రువీకరించు పర్యంతము, మూల ఆచ్ఛాదనముతోనే వినియోగించవలెను. ఆచ్ఛాదనమును తొలగించినవారు వస్తువును పాడుచేసినవారిగా పరిగణింపబడుదురు.'

ఆచ్ఛాదనం అంటే కవరే. కవరని రాస్తే ఎవరు లక్ష్యపెడతారు? ఇక తనిఖీ బృందం అంటారా, అలాంటిదొకటి మా శాఖలో ఎప్పుడూ లేదు. ఉంటే బాగుంటుందని రాశానంతే.

సర్క్యులర్ అమలు అద్భుతంగా జరిగింది. కొత్త ట్యూబులైట్లను అట్టగొట్టాలతో సహా బిగించాం. రెండు కొసల్లోంచి కాస్త వెలుతురు వచ్చేది. ఆ కొసల కింద సీనియర్లు కూర్చునేవారు, చీకట్లో జూనియర్లు. స్వీపరు బాలమ్మ కొత్త చీపురును సంచీలోంచి తీయకుండానే ఊడ్చేది. దుమ్ము ఇవాళ ఇటునుంచి అటు పోతే రేపు అటునుంచి ఇటు వచ్చేది. గది శుభ్రపడలేదు గాని చీపురు పుల్ల ఒక్కటి అరగలేదు. కుర్చీలకు పాలిథిన్ అలాగే ఉండటంవల్ల, వేసవిలో గుమాస్తాలు ముచ్చెమటలు పోసి సీట్లకు అతుక్కుపోయేవారు. నేను హాల్లోకి రాగానే అందరూ చర్రుమని ఊడి లేచేవారు. ఆ చప్పుడు నాకు చప్పట్లలాగే వినిపించేదంటే నా స్థితి ఎంతవరకు వచ్చిందో మీరే ఊహించుకోండి.

ఈ కీర్తి రాజధాని దాకా పాకింది. ఒకనాడు మా డైరెక్టరుగారే స్వయంగా ఫోను చేశారు.

"పట్టాభిగారూ! మీ సర్క్యులరును పఠించితిని. చలించిపోయితిని. అమలును స్వయముగా తిలకించుటకు విచ్చేయుచున్నాను. మీ బదిలీ విషయము సైతము ఆ సందర్భముననే తేల్చెదను."

కుర్చీలోంచి లేచి నిలబడి "చిత్తం, చిత్తం" అన్నాను. లేచేటప్పుడు నేనూ చర్రుమన్నాను.

వరహాలుకు చెబితే కాసేపు నమ్మలేదు. "నిజంగానా? ఒట్టు?" అంది. తర్వాత దాని గొంతు మారిపోయింది. "మీ గదిలో బడి పుస్తకాలు పెట్టుకున్నానండీ, ఇవాళే తీయించేస్తాను. మీ పరుపు డాబా మీద ఎండేస్తాను" అంది. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఫోను పెట్టేసి ఒక్కణ్ణే గదిలో అటూ ఇటూ తిరిగాను.

ఇహ కారు సంగతి. డైరెక్టరుగారిని గెస్ట్‌హౌసు నుంచి ఆఫీసుకు తీసుకురావలసింది మా ఆఫీసు కారులో. డ్రైవరు దస్తగిరి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, బండిలో కూసుంటే కాలిన నూనె వాసన తలకెక్కుతాంది. పొగ గూడా లోపలికే వస్తాంది. పెద్దసారు ఎక్కినాడంటే మన పని అయిపాయ."

ఇద్దరం కలిసి మెకానిక్ ఓబులేసు షెడ్డుకు వెళ్ళాం. వెంట మా సూపరింటెండెంట్ తిరుమలాచారిని కూడా తీసుకెళ్ళాను. ఆయన లేకుండా నేను పెన్సిలు కూడా చెక్కను. ఓబులేసు బానెట్టు ఎత్తి, ఒక రబ్బరు గొట్టం చివరనుంచి నల్లగా మాడిపోయిన బోండాలాంటిదాన్ని ఊడబెరికి చూపించాడు.

"ఇదే సార్, బ్రీదర్ ఫిల్టరు. జామ్ అయిపోయినాది."

విషయం చాలా సులువు. ఇంజను తిరుగుతుంటే లోపల పొగ, నూనె ఆవిరి పుడతాయి. అవి బయటికి పోవడానికి ఆ గొట్టం. గొట్టం కొసన ఫిల్టరు. అది ఆవిరిని బయటికి వదులుతుంది, నూనె తుంపర్లను ఆపుతుంది, బయటి దుమ్మును లోపలికి రానివ్వదు. అది మూసుకుపోతే కుక్కరు విజిలు మీద గుడ్డ కట్టినట్టే. ఇదంతా నాకు అక్కడే, ఆ క్షణంలోనే శుభ్రంగా అర్థమైంది. రేపు ఎవరైనా 'పాపం తెలియక చేశాడు' అని నన్ను వెనకేసుకొస్తారేమోనని ఈ మాట ముందే చెబుతున్నాను.

కొత్త ఫిల్టరు తెప్పించాం. జామకాయంత ఉంది. పైన వెండిలా తళతళలాడే మూత, చుట్టూ జాలీ, దాని మీద బిగుతుగా మందపాటి పాలిథిన్ కవరు. కవరు మీద ఎర్రటి అక్షరాలతో, తెలుగులోనే, 'బిగించుటకు ముందు కవరు తొలగించండి' అని ఉంది. ఓబులేసు కవరు అంచును పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"ఆగవయ్యా!" అని ఒక్క కేక పెట్టాను. షెడ్డులో పని చేసేవాళ్ళంతా పానాలు కింద పెట్టేశారు.

"ఏమైంది సార్?"

"అది కొత్త వస్తువు. తనిఖీ కాలేదు. కవరుతోనే బిగించు."

"దీని మింద రాసినాడు గదా సార్?"

నేను తిరుమలాచారి వైపు చూశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ ఎర్రటి అక్షరాలను పైకే చదివి, కళ్ళు మూసుకుని, తెరిచాడు.

"అయ్యా, 'బిగించుటకు ముందు' అని కదా ఉన్నది. మనము దీనిని బిగించుట లేదు. నూతన వస్తువును ఇంజనుపై భద్రపరచుచున్నాము. తనిఖీ జరిగిన పిదపనే బిగించినట్లు లెక్క. భద్రపరచుటకు ఇంజను కంటే అనువైన స్థలము కార్యాలయమున లేదని ఒక వాక్యము రాసిన సరిపోవును."

ఆయన బుర్రకు నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. దస్తగిరి కూడా వత్తాసు పలికాడు. "కవరుంటేనే మంచిది సార్. మా ఇంట్ల ఫ్రిజ్జుకు నేను ఇంకా తీయలా."

ఓబులేసు భుజాలెగరేశాడు. "మాదేముంది, కవరుతో బిగించమంటే కవరుతోనే బిగిస్తాం. మళ్ళీ ఇప్పమంటే ఇప్పుతాం. రెండూ పనే గదా" అంటూ ఫిల్టరు మెడను కవరుతో సహా గొట్టంలోకి తోసి, పైన క్లాంపు వేసి, స్క్రూ బిగించేశాడు. గాలి చొరబడే సందు లేకుండా బ్రహ్మాండంగా కుదిరింది.

కారు షెడ్డు గేటు దాటకముందే లోపల 'ఠప్' మంది. దస్తగిరి దిగి బానెట్టు ఎత్తి చూస్తే, ఇంజన్లో నూనె ఎంతుందో చూసుకునే డిప్‌స్టిక్ తన చోట్లోంచి ఎగిరి రేడియేటరు పక్కన పడి ఉంది. లోపలి ఆవిరికి దారి లేక ఇక్కణ్ణుంచి తన్నుకొచ్చిందన్నమాట. అడుసు తొక్కనేల కాలు కడగనేల అనే తెలివి ఆ క్షణానైనా రావలసింది. రాలేదు. అక్కడికక్కడే, కారు పక్కనే నిలబడి సమావేశం జరిపాం.

"డిప్‌స్టిక్ అనేది క్రమశిక్షణ తప్పినది" అన్నాడు తిరుమలాచారి. "దానిని అదుపులో ఉంచవలెను." జేబులోంచి ఫైళ్ళు కట్టే ఎర్ర నాడా తీసి, తన చేత్తోనే డిప్‌స్టిక్‌ను ఇంజనుకు కట్టేశాడు. మూడు ముళ్ళు వేశాడు. మరి కాస్త దూరం పోయాక నూనె పోసే చోట మూత లేచింది. దానికీ నాడా కట్టాం. ఆఫీసు చేరేసరికి ఇంజను కిందనుంచి నూనె కారడం మొదలైంది. దాని కింద టీ కప్పులు పెట్టుకునే ట్రే పెట్టాం. ఆ సాయంత్రం ఆఫీసులో ఎవరికీ టీ లేదు.

"నూనె కారిపోతోంది గదండీ" అన్నాను.

"అయ్యా, నూనె ఖర్చుల పద్దు. ఫిల్టరు ఆస్తుల పద్దు. ఖర్చగునది ఖర్చగుటయే ధర్మము. మన శాఖ పరిరక్షించవలసినది ఆస్తిని" అన్నాడాయన. ఎంత సబబుగా ఉందో చూడండి. 

ఆ పూట వరహాలు ఫోను చేసి, "పరుపు ఎండేశాను. చీమలు పట్టాయి, దులిపించాను. మీరొచ్చే రోజు గుత్తొంకాయ చేస్తాను, సరేనా?" అంది. గెస్ట్‌హౌసు నుంచి ఆఫీసుకు ఎంత దూరం? ఆ కాస్త దూరం లాగేస్తే చాలు. ఆనక ఆ ఇంజను ఏ గంగలో కలిస్తే నాకేం? కవరు మాత్రం చెక్కుచెదరకూడదని గట్టిగా అనుకున్నాను.

డైరెక్టరుగారు విచ్చేశారు. కొత్త చొక్కా తొడుక్కున్నారు. కాలరు లోపలి అట్ట తియ్యలేదు, గుండుసూదులు కూడా అలాగే ఉన్నాయి. అందుచేత మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. కళ్ళజోడు అద్దానికి ఒక మూల దుకాణంవాడి స్టిక్కరు ఉంది. ఇంజన్లో కవరు తీయని కొత్త ఫిల్టరు ఉందని గెస్ట్‌హౌసు మెట్ల మీదే ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను. నేను ముందు సీట్లో కూర్చున్నాను, ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. కింద చర్రుమంది.

"ఈ సీట్లకు ఆచ్ఛాదనము ఎంతకాలముగా ఉన్నది?" అని అడిగారు.

"బండి కొన్నప్పటినించి సార్" అన్నాడు దస్తగిరి. "లోపల సీటు ఏ రంగుదో నాకే తెలీదు."

"ఆహా! ఆహా!" అని డైరెక్టరుగారు సీటు కవరును అరచేత్తో నిమిరారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "పట్టాభిగారూ, మీ శ్రీమతి పిఠాపురమున ఉపాధ్యాయిని కదా. ఒక మనిషిని తన ఇంటికి చేర్చుట కూడ పరిరక్షణయే అని నా అభిప్రాయము."

నేను ముందుకు తిరిగి కూర్చున్నాను గనక నా మొహం ఆయనకు కనపడలేదు. కనపడకపోవడమే మంచిదైంది.

రైల్వే గేటు దగ్గరికొచ్చేసరికి గేటు పడింది. ఎప్పుడూ పడేదే. కారు ఆగిందోలేదో బానెట్టు అంచుల్లోంచి తెల్లటి పొగ లేచింది. ఇంజను దగ్గుతూ, ఊగుతూ, ఆగీఆగనట్టు కొట్టుకుంటోంది. దస్తగిరి నా చెవిలో గొణిగాడు. "సార్, బండి ఊపిరాడక సస్తాంది. ఆపితే మళ్ళా స్టార్టు గాదు. మీరే దిగి ఏమన్నా సేయండి."

దిగాను. బానెట్టు ఎత్తాను. అది పైకి లేచేసరికి కారులో ఉన్నవాళ్ళకూ నాకూ మధ్య గోడలా అడ్డం వచ్చింది. ఫిల్టరు కవరు పూరీలా ఉబ్బి ఉంది. ఆ కవరు తయారుచేసిన మహానుభావుడు ఎవడోగాని గట్టిది చేశాడు. ఎర్రటి అక్షరాలు సాగిపోయి మరింత పెద్దగా, ఇంకా బాగా చదవడానికి వీలుగా కనిపిస్తున్నాయి.

గోరు చాలు. గోటితో ఒక్క గీటు గీస్తే పొగ బుస్సున పోయి ఇంజను కుదుటపడుతుంది. చెయ్యి చాచాను. గోరు కవరుకు తగిలింది కూడా.

అప్పుడు ఆలోచన వచ్చింది. ఆఫీసుకు వెళ్ళాక డైరెక్టరుగారు ఫిల్టరు చూపించమంటారు. కవరు చిరిగి ఉంటుంది. చింపినవాడు సర్క్యులర్ రాసినవాడే. ఇంత దూరం వచ్చిన బదిలీ వెనక్కి పోతుంది. పరుపు మళ్ళీ లోపలికి, పుస్తకాలు మళ్ళీ నా గదిలోకి. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంతటితో ఊరుకోలేదు. క్లాంపు దగ్గర కవరు అంచు కాస్త లేచి ఉంటే దాన్ని జాగ్రత్తగా లోపలికి దోపాను.

గోటితో పోయేదానికి గొడ్డలి అనే సామెత పుట్టించినవాడు నన్ను చూసే పుట్టించి ఉంటాడు. తిరుమలాచారి వేసిన మూడు ముళ్ళూ ఒక్కసారిగా తెగాయి. డిప్‌స్టిక్ నా చెవి పక్కగా దూసుకుపోయింది. వెనకే నల్లటి నూనె బుస్సుమని లేచి నా నెత్తి మీద, కళ్ళజోడు మీద, మీసం మీద, ఆ పూట కోసమే ఇస్త్రీ చేయించుకున్న తెల్ల చొక్కా మీద పడింది. చుర్రుమంది గాని బొబ్బలెక్కలేదు. ఇంజను లోపల ఇనపగుండ్లు దొర్లినట్టు చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. గేటు లేచింది. వెనక లారీలవాళ్ళు హారన్లు మొదలెట్టారు.

డైరెక్టరుగారు దిగి, నా వైపు మొత్తం తిరిగారు. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"ఫిల్టరు క్షేమమేనా?" అని అడిగారు.

నేను జేబురుమాలుతో దాన్ని తుడిచాను. కవరు మీద గీత లేదు. లోపల వెండి మూత మెరుస్తోంది. కంపెనీలోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. డైరెక్టరుగారు వంగి, మెడ వంగదు గనక నడుమంతా వంచి, దాన్ని చూశారు. చూస్తూ చూస్తూ ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూచితిరా! ఇంజను పోయినది, కవరు పోలేదు. ఇంజను పాతది, పాతది పాడగుట లోకసహజము. నూతనమైనది నూతనముగనే ఉండుట! అదియే పరిరక్షణ!" అని, నూనె అంటకుండా నా భుజానికి కాస్త పైన, గాల్లోనే తట్టారు.

"అంతా తమ దయ" అన్నాను. నోట్లోకి నూనె పోయింది.

"మీకొక మాట చెప్పవలెను. మీ బదిలీ ఉత్తర్వుపై ఉదయముననే సంతకము చేసితిని. మీ చేతికిచ్చుటకే జేబున పెట్టుకొని వచ్చితిని."

నేను రెండు చేతులూ చాచాను. రెండూ నల్లగా ఉన్నాయి.

ఆయన జేబులోంచి కాగితం తీసి, నా చేతులు చూసి, కాగితం చూసి, శుభ్రంగా రెండు ముక్కలు చేశారు. "ఇప్పుడెటుల పంపుదును? ఇటువంటి అధికారిని ఉన్నచోటనే, ఉన్నది ఉన్నట్లుగనే భద్రపరచుకొనుట శాఖ ధర్మము. మీ పదవీవిరమణ పర్యంతము మీరు ఇచ్చటనే. కదలించువారిని పాడుచేసినవారిగా పరిగణింతును."

నా వాక్యమే అది. ఎంత బాగా రాశానో అప్పుడు తెలిసింది.

కారును తోసుకుంటూ ఆఫీసుకు తెచ్చాం. డైరెక్టరుగారు రిక్షాలో వచ్చారు. తిరుమలాచారి హారతిచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. నేను పెరట్లో కుళాయి దగ్గర సబ్బుతో ఎంత రుద్దుకున్నా ఆ నలుపు పోలేదు. ఆ చేతులతోనే వరహాలుకు ఫోను చేశాను.

"సంతకం పెట్టారా?" అంది ఎత్తగానే.

"పెట్టారు. చింపేశారు" అన్నాను. జరిగిందంతా చెప్పాను. గోరు సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది.

"కవరు తీసేస్తే అయిపోయేదిగా?"

"అయిపోయేది."

"మరి ఎవరు వద్దన్నారండీ? పెద్దాయన చూస్తున్నారా?"

"లేదు. బానెట్టు అడ్డం ఉంది. ఎవరూ చూట్టం లేదు. అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను."

ఫోనులో వెనక ఎవరో పిల్లలు పాఠం అప్పజెబుతున్న గొంతులు వినిపిస్తున్నాయి.

"అన్నం తిన్నారా?" అంది వరహాలు.

"ఇంకా లేదు."

"వెళ్ళి తినండి. ఆ సాంబారు అలవాటు చేసుకోండి" అని, పరుపు లోపల వేయించాలని చెప్పి ఫోను పెట్టేసింది.